గూబ తల తిప్పినప్పుడు

నిడుజివ్వి దాటినాక నాపరాయి గనిలో
నేను రాత్రి కావలి. పేరు హుసేనప్ప.
పద్దెనిమిదేండ్లు బండ కోసే మిషన్ పక్కన నిలబడి
కుడిచెవి పూర్తిగా, ఎడంచెవి ముప్పాతిక
ఆ రంపానికే ఇచ్చేసినా.
చెవిటోనికి కావలి పని ఎవురిస్తారని
మస్తానమ్మ నవ్వింది.
ఇచ్చినారు. జీతం తక్కువ గదా.

పాత గుంత గోడలో, మూడో వరస సందులో
కొమ్ముల గూబ ఒకటి ఉండాది.
మొదట్లో అది నాకు తెల్లారినాక మాత్రమే తెలిసేది:
బండ మింద తిరగేసిన సంచి మాదిరి
ముళ్ల ఎలుక తోలు,
లోపల ఒక్క పీచు మాంసం ల్యాకుండా,
ముళ్లు ముళ్లుగానే, ఒక్కటీ ఇరక్కుండా.
సీతాఫలం తిన్నోడు కూడా తొక్కను
అంత శుభ్రంగా వదలడు.

ఇంకోనాడు గుంతలో నిలిచిన వాన నీళ్ల ఒడ్డున
ఎండ్రకాయ డొప్పలు, ఏడు.
ఆ రాత్రి కాపు కాసినా. వెన్నెల.
రెక్కలున్నది నీళ్లలోకి నడిచిపోయి,
మా పెద్దమ్మ వంకలో చీర ఎత్తిపట్టుకున్నట్టు
బొచ్చు తడవకుండా నిలబడి
కాలితో అడుగున తడుముతాండాది.
గూబ నడుస్తాదని ఎవురన్నా నాకు చెప్పినారా?

అది ఉమ్మిన ఉండల్ని మస్తానమ్మ
పిన్నీసుతో విప్పుతాది.
బూడిద రంగు బొచ్చు, దాంట్లో పుర్రెలు,
చింతగింజంత, కొన్ని ఇంకా చిన్నవి.
ఒక ఉండలో నాలుగు. ఒకదాంట్లో ఐదు, ఒక తేలు కొండి.
"మన శెనక్కాయ చేన్లో తిన్నోళ్లే వీళ్లంతా" అని
గడప మింద వరసగా పెట్టి
బాకీ తీర్చినోళ్ల పేర్లు కొట్టేసినట్టు చూస్తాది.
ఊర్లో అయితే గూబ ఇంట్లో దూరితే
ఇల్లు ఇడ్సిపెట్టాలంటారు.
మాకు ఇడ్సిపెట్టి పోయేదానికి
రెండో ఇల్లు యాడుండాది?

తొలివాన పడిన రాత్రి ఉసుళ్లు లేచినాయి.
రేకుల షెడ్డు ముందర ఒకటే లైటు.
దాని కింద బేసిన్లో నీళ్లు పోసి పెట్టినా,
పొద్దున వేయించి బొరుగుల్లో కలుపుకుందామని.
పిడికెడంత పైడికంటి పిట్టలు రెండు
స్తంభం దిగి నేల మిందికొచ్చి
నా బేసిను చుట్టూ పరిగెత్తినాయి,
బడికి ఆలస్యమైన పిల్లోళ్ల మాదిరి.
రెక్క రాలినదాన్ని కాలితో పట్టేది,
కాలితోనే నోటికెత్తుకునేది.
ఎవురూ ఎవురినీ అదిలించల్యా.
ఒకటి మాత్రం బేసిన్లోకి తొంగిచూసి
నా దిక్కు చూసింది,
నీళ్లలో ముంచేదేం పద్ధతబ్బా అన్నట్టు.

అసలు సంగతి చెప్పల్ల.
అమాస, చలి. పెద్దగూబ క్రేను కొన మింద ఉండాది.
దానికి వేటంటే ముందు కండ్లు కాదు, చెవులు.
తల కొంచెం పక్కకు వంచి, ఇంకా కొంచెం వంచి,
బండల కింద ఎలుక పన్ను గీరితే
ఆ గీత యాడుందో చూసినట్టు చూస్తాది.
ఆ రాత్రి తల తిప్పింది జనరేటర్ దిక్కు.
ఎలుక కోసం తిప్పినట్టు కాదు.
కొమ్ములు నిలబెట్టి, ఒళ్లు సన్నం చేసుకోని
కట్టెపుల్ల మాదిరి అయిపోయింది.
నేనూ ఆ దిక్కే టార్చి కొట్టినా.
ఇద్దరు. డీజిల్ క్యాన్లు.
పారిపోయినారు, ఒక చెప్పు మిగిలింది.
"చెవిటోనికి ఎట్ల ఇనపడిందబ్బా?" అని
మేస్త్రీ సుంకిరెడ్డి ఇప్పటికీ అడుగుతాండాడు.
నవ్వుతా. చెప్పను.

ఉగాది అయినాక పాత గుంత మళ్లా తవ్వుతారంట.
మూడో వరస పొర మంచిదంట,
నల్లగా, పలకల మాదిరి చీలుతాదంట.
నిన్న ఆ సందులో గుడ్లు చూసినా, మూడు.
మేస్త్రీతో చెప్పల్ల. ఏమని చెప్పల్ల?
మిగిలిన పావు చెవితో
రాత్రంతా ఆ గోడ దిక్కే కూచున్నా.
ఏమీ ఇనపడల్యా.
తెల్లారి చూస్తే బండ మింద
తల ల్యాని ఎలుక ఒకటి,
కొరక్కుండా, చెదరకుండా,
ఎవురికో ఎత్తిపెట్టినట్టు.